కారణం తెలియలేదు

రాయిని ఎత్తేముందు
అది ఏ వైపు తిరిగి ఉందో చూసుకోవాలి.
పుస్తకాల్లో లేదు ఈ మాట. సోంబారి కడ్రక చెప్పింది,
మొదటి ఏడాది, మోకాలిలోతు చలిలో
నేను రాళ్లు పెరికి ఒడ్డుకి గిరాటేస్తుంటే.
సగం కువి, సగం ఒడియా, తిట్టు మాత్రం తెలుగు:
"ఇంటికప్పు తీసి చూశావు సరే,
పోయేటప్పుడు మళ్లీ కప్పవా?"

ఇరవై ఆరేళ్లు.
మునిగుడ దాటాక జీపు మొరాయించే చోట దిగి
కొండెక్కి, ఆ గెడ్డలో అయిదు గుర్తుల దగ్గర
రాయి తిప్పడం, వల పట్టడం, రాయి కప్పడం.
తెల్ల ఎనామిల్ పళ్లెంలో నీళ్లు తేరుకునేదాకా ఆగితే
ఆకు ముక్క అనుకున్నది నడుస్తుంది,
ఇసుక అనుకున్నది తల బయటపెడుతుంది,
అభ్రకం రేకులు ఏరి ఏరి ఒంటికి అతికించుకుని
లోపల కాపురముండే పురుగు.
మూడు తోకలదొకటి. రెండు తోకలదొకటి.
ఆ రెండు తోకలదే మహా సుకుమారం,
నీళ్లు కాస్త వెచ్చబడితే చాలు, ఉండదు.

గుణుపురంలో మా పిన్ని
పెళ్లిచూపులవాళ్లకి నా ఉద్యోగం చెప్పలేక
"నీళ్ల ఆఫీసు" అనేది.
వాళ్ల వీధికి కుళాయి ఎప్పుడొస్తుందని అడిగారు వాళ్లు.

పాతపట్నం చెక్‌పోస్టులో ఓ రాత్రి పెట్టె విప్పించారు.
నూట పద్దెనిమిది సీసాలు.
కానిస్టేబులు ఒకదాని మూత తీసి వాసన చూశాడు,
మొహం వెలిగింది.
టార్చి వెలుతురులోకి ఎత్తాడు.
స్పిరిట్టులో తేలుతూ ఆరు కాళ్లు.
"మేడమ్, ఇది ఎవరు తాగుతారు?"

సర్గి ఆకులు అయిదు గ్రాములు,
నీలగిరి ఆకులు అయిదు గ్రాములు,
వల సంచుల్లో కుట్టి ప్రవాహంలో కట్టేవాళ్లం.
ఏ ఆకుని గెడ్డ ఎన్నాళ్లకి తింటుందో లెక్క.
నలభై రోజులకి సర్గి ఆకు
ఈనెలే మిగిలి, పాత జల్లెడలా పైకొచ్చేది.
నీలగిరి ఆకు వేసింది వేసినట్టే.
"మా గెడ్డకి ఈ కూర సయించదు" అంది సోంబారి.
నేను అదే సంగతి పదకొండు పేజీల్లో రాశాను.

ఆ పదకొండు పేజీల్లో రెండో పట్టిక ఉంది.
మూడో గుర్తు దగ్గర, నీళ్లు కాస్త నిలిచే మడుగులో,
పీహెచ్ ఉన్నట్టుండి పెరిగేది, మర్నాటికి మామూలే.
పైన సున్నపురాయి లేదు.
ఫ్యాక్టరీ లేదు, అప్పటికింకా.
బ్యాటరీ మార్చాను, మీటరు మార్చాను,
నా మీదే అనుమానమొచ్చి కళ్లజోడు మార్చాను.
పట్టిక కింద చిన్న అక్షరాల్లో:
కారణం తెలియలేదు.

రిటైరయ్యే నెల, ముందు రాత్రే ఊళ్లో దిగి
తెల్లారకుండా గెడ్డకి వెళ్లాను.
సంతకెళ్లే రోజు కదా,
సోంబారి ఊరి గిన్నెలన్నీ ముందేసుకుని
బూడిదతో తోముతోంది.
పక్కన ఒడ్డున పాత బూడిద కుప్ప, తడిసి మడుగులోకి జారుతూ.
మూడో గుర్తుకి పది అడుగుల ఎగువ.

"ఎన్నాళ్ల నుంచి ఇక్కడ?"
"నువ్వు రాకముందు నుంచి."
"చెప్పలేదేం?"
"నువ్వు పురుగుల గురించే అడిగావు."

నవ్వాను గానీ గొంతు పట్టేసింది.
ఎవరికి రాయాలి ఇప్పుడు, సవరణ?
సంపాదకుడు ఏనాడో పోయాడు.

రెండు తోకలది ఏడేళ్లుగా పళ్లెంలోకి రాలేదు.
నోటుపుస్తకంలో 'లేదు' అని రాయను,
'దొరకలేదు' అని రాస్తాను.
ఈ రెండింటి మధ్య తేడా కోసమే
నాకు జీతమిచ్చారేమో అనిపిస్తుంది.
ఆ మాటే సోంబారితో అంటే
పైకి, జలపాతం వైపు గడ్డం ఎత్తి చూపించింది.
అక్కడిదాకా నా మోకాళ్లు రావు.
వల ఇవ్వబోయాను. వద్దంది.
తోమిన చెంబొకటి పట్టుకుని
రాళ్ల మీంచి ఎక్కుతూ వెళ్లిపోయింది.

సంతకి ఆలస్యమవుతోంది ఆమెకి.
నేను మూడో గుర్తు దగ్గర కూర్చున్నాను.
మడుగులో బూడిద ఇంకా తేరుకోలేదు.